ఏ జాతి అని అడిగే ముందు: బెంగళూరు ఇంట్లోకి కుక్కను తెచ్చుకునే లెక్క

క్లుప్తంగా: చాలామంది ముందు జాతిని ఎంచుకుని, ఆ తర్వాత ఇంటిని దానికి సర్దడానికి చూస్తారు. చిక్కంతా ఆ వరుసలోనే ఉంది. కుక్క రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది, పుట్టాక మొదటి ఎనిమిది వారాలు ఎక్కడ గడిచాయి అన్న రెండు సంగతులు జాతి పేరు కంటే ఎక్కువ చెబుతాయి. నిషేధాలు, అపార్ట్‌మెంట్ రూల్స్ చుట్టూ ఉన్న అయోమయంలో చాలా భాగం చట్టం ఏమంటుందో చూస్తే తీరిపోతుంది.

2024, 2025 సంవత్సరాల్లో కుక్కల సంగతి కోర్టుల్లో బాగా నలిగింది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతులను ప్రమాదకరమైనవిగా చెప్పి, వాటి అమ్మకాలూ బ్రీడింగూ ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించమంది. 22వ తేదీన ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని సవరించి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు, టీకాలు అయినవాటిని పట్టుకున్న చోటే వదిలేయమంది. రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని మాత్రం వదలకూడదు. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కల్ని తీసేయాలని ఇంకో ఆదేశం వచ్చింది.

ఇన్ని వార్తల మధ్య మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బీటీఎం లేఅవుట్ వైపు తెలుగు కుటుంబాల్లో వినిపించే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. రాట్‌వైలర్‌ను పెంచితే కేసు అవుతుందా? అసోసియేషన్ వద్దంటే ఇల్లు ఖాళీ చేయాలా? వీధిలోని కుక్కపిల్లను ఇంట్లో పెట్టుకోవచ్చా? వీటన్నిటికీ జవాబులున్నాయి. ఆ కుక్క బతుకు ఎలా సాగుతుందో తేల్చే ప్రశ్న మాత్రం వీటిలో లేదు: పొద్దున తొమ్మిదింటికి తాళం వేసి వెళ్తే, ఆ తలుపు మళ్లీ ఎన్నింటికి తెరుచుకుంటుంది?

తాళం వెనక గంటలు

పల్లెలో కుక్కను పెంచడం అంటే మిగిలిన అన్నం వాకిట్లో పెట్టడం. మిగతా పని ఊరు చూసుకునేది. తిరగడానికి వీధి, తోడుకి ఇంకో నాలుగు కుక్కలు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. అలాంటి ఇళ్లలో పెరిగినవారికి కుక్క పెద్ద పనిగా అనిపించకపోవడానికి కారణం ఇదే. అదే కుక్క ఐదో అంతస్తులోని డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోకి వచ్చేసరికి, ఊరు చేసిన పనంతా ఇద్దరు ఉద్యోగుల మీద పడుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ కలుపుకుంటే ఆ ఇద్దరూ పది, పదకొండు గంటలు ఇంట్లో ఉండరు.

రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎన్ని గంటలు ఆపుకోగలదో సుమారుగా తెలుస్తుందని డాక్టర్లు ఒక మోటు లెక్క చెబుతారు. పెద్ద కుక్కకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఫర్వాలేదు. అంటే పది గంటలు తాళం వేసి ఉండే ఇంట్లో కుక్కపిల్ల నేల పాడుచేస్తే అది దాని తప్పు కాదు. అది ముందే తెలిసిన ఫలితం.

అంతకంటే పెద్ద చిక్కు ఒంటరితనంతో వచ్చే బెంగ. మనుషులు బయటికి వెళ్లిన మొదటి అరగంటలోనే చాలా కుక్కల్లో టెన్షన్ మొదలవుతుంది. తలుపు గీకడం, సోఫా కొరకడం, ఆగకుండా మొరగడం దాని లక్షణాలు. యజమాని ఇవేవీ చూడడు, వినడు. వినేది పక్క ఫ్లాట్‌వాళ్లు. వాళ్లు అసోసియేషన్‌కి చెబుతారు, అసోసియేషన్ ఓనర్‌కి చెబుతుంది, ఓనర్ అగ్రిమెంట్ రెన్యువల్ దగ్గర మాట మారుస్తాడు. ‘అర్జెంటుగా ఎవరైనా తీసుకుంటారా’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోల వెనక తరచూ ఉండే కథ ఇదే. 2020, 2021 లాక్‌డౌన్లలో తెచ్చుకున్న పిల్లల విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇంటి నుంచి పని నడిచినన్నాళ్లు వాటికి ఒంటరిగా ఉండటమే తెలియదు, తర్వాత ఒక సోమవారం నుంచి రోజంతా ఒంటరితనమే.

పెద్ద కుక్కలు రోజులో సగానికి సగం నిద్రపోతాయి. అందుకే ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇంటికి కుక్కపిల్ల కంటే, నిదానం తెలిసిన నాలుగైదేళ్ల కుక్క నయం. ఈ సలహా చాలామందికి నచ్చదు. ‘చిన్నప్పటి నుంచి పెంచితేనే అలవాటవుతుంది’ అన్న నమ్మకం గట్టిది. కానీ కొత్త ఇంటికి అలవాటు పడటానికి పెద్ద కుక్కకు సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు పడుతుంది. కుక్కపిల్ల పెద్దదవడానికి ఏడాది దాటుతుంది.

సెలవుల లెక్క కూడా ఇందులోనే వేసుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కుక్క సంగతేమిటి? రైల్లో కుక్కను దగ్గర పెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే లేదా క్యాబిన్ మొత్తం బుక్ చేసుకోవాలి. లేదంటే గార్డు బోగీలోని డాగ్ బాక్సులో పంపాలి. రాత్రంతా ఆ పెట్టెలో ప్రయాణం ఏ కుక్కకైనా కష్టమే. కుక్కల్ని ఉంచుకునే బోర్డింగ్‌లు పండగ రోజుల్లో ముందే నిండిపోతాయి. సొంత కారు, లేదా నమ్మకంగా చూసుకునే మనిషి లేనివాళ్లకు ఏటా రెండుసార్లయినా ఈ ఇబ్బంది తప్పదు.

ముక్కు, బొచ్చు, ఫ్యాషన్

2003లో హచ్ మొబైల్ ప్రకటనలో ఒక పగ్ కుక్క చిన్నపిల్లాడి వెంట తిరిగింది. ఆ తర్వాత దేశమంతా పగ్‌లకు గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగితే బ్రీడర్లు త్వరత్వరగా ఈతలు వేయిస్తారు. ఆ తొందరలో పిల్లల ఆరోగ్యం కంటే మొహం ఎంత చదునుగా ఉందన్నదానికే ధర పలుకుతుంది.

కుక్క ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల మెత్తల దగ్గర మాత్రం కొంచెం పడుతుంది. ఒంటి వేడి ముఖ్యంగా నాలుక చాచి రొప్పడం వల్ల తగ్గుతుంది. లోపలికీ బయటికీ వేగంగా కదిలే గాలి నోట్లోని, ముక్కులోని తడిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ముక్కు రంధ్రాలు ఇరుగ్గా ఉంటాయి, మెత్తటి అంగిలి గొంతుకు అడ్డొస్తుంది. దాంతో రొప్పడానికే కష్టపడాలి, ఆ కష్టం వల్ల ఇంకా వేడెక్కుతుంది. ఇంట్లో అందరూ ముద్దుగా నవ్వుకునే గురక నిజానికి ఊపిరి సరిగా ఆడటం లేదనడానికి గుర్తు.

హస్కీది ఇంకో రకం ఇబ్బంది. ఈశాన్య సైబీరియాలో చుక్చీ తెగవాళ్లు మంచు మీద బళ్లు లాగించడానికి పెంచిన జాతి అది. రెండు పొరల బొచ్చు, గంటల తరబడి పరుగెత్తే శక్తి దాని సొంతం. ‘బెంగళూరు చల్లగానే ఉంటుంది కదా’ అనే మాట పూర్తిగా తప్పు కాదు, కానీ 2016 ఏప్రిల్‌లో ఈ నగరంలోనే 39.2 డిగ్రీలు నమోదైంది. పై అంతస్తు ఫ్లాట్‌లో మధ్యాహ్నం వేడి అంతకంటే ఎక్కువే అనిపిస్తుంది. వేడి సంగతి ఏసీతో ఎలాగో గట్టెక్కవచ్చు. పరుగు సంగతి గట్టెక్కదు.

లాబ్రడార్ ఇక్కడ అందరికీ తెలిసిన కుక్క. బీగిల్ చూడటానికి చిన్నదే, కానీ వాసన పట్టి గుంపుగా వేటాడటానికి తీర్చిన జాతి కాబట్టి గట్టిగా ఊళ వేస్తుంది. ఆ గొంతు రెండు అంతస్తుల దాకా వినిపిస్తుంది. లాబ్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు జబ్బు తరచూ కనిపిస్తుంది కాబట్టి తల్లిదండ్రులకు తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగడం సబబు. బ్రీడర్ ఆ ప్రశ్నకు నవ్వితే జవాబు దొరికినట్టే. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులు ఏడు నుంచి పదేళ్లే బతుకుతాయి. చిన్న జాతులు పద్నాలుగేళ్లు దాటడం మామూలే.

ఇక స్వభావం. ‘గోల్డెన్ అయితే శాంతం, రాట్‌వైలర్ అయితే మొండి’ అని జాతికొక ముద్ర వేసేస్తారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన 18 వేలకు పైగా కుక్కల యజమానులు ఇచ్చిన వివరాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతం మాత్రమేనని అందులో తేలింది. జాతి వల్ల శరీరం గురించి ఖాయంగా తెలుస్తుంది: బరువు, బొచ్చు, ముక్కు, రాగల జబ్బులు. మనసు గురించి తెలిసేది కొంచెమే.

23 జాతుల నిషేధం నిలబడకపోవడానికి కారణాలు వేరే. సంబంధం ఉన్నవారి వాదన వినకుండా ఆ లేఖ వచ్చిందని హైకోర్టు తప్పుపట్టింది. కాబట్టి కర్ణాటకలో రాట్‌వైలర్‌ను పెంచడం ఆ లేఖ ప్రకారం నేరం కాదు. అలాగని బాధ్యత తగ్గదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా పడవచ్చు. ఆ సెక్షన్‌లో జాతి పేర్లేవీ లేవు. నలభై ఐదు కిలోల కుక్క ఒక్కసారి కరిచినా పది కిలోల కుక్క కరిచిన దానికంటే గాయం లోతుగా దిగుతుంది. గొలుసు పట్టుకునేది ఇంట్లోని పెద్దవాళ్లో, పిల్లలో అయితే, స్వభావం ఎంత మంచిదైనా బరువే అసలు సమస్య.

నాటుకుక్క, ముధోల్, జోనంగి

ఈ నేలకు అలవాటు పడిన కుక్కలు ఉండగా సైబీరియా దాకా ఎందుకు అన్న ప్రశ్న సహజం. మన నాటుకుక్కలను ఇప్పుడు ‘ఇండీ’ అంటున్నారు. పొట్టి బొచ్చు, పొడవు ముక్కు, పదిహేను ఇరవై కిలోల బరువు ఈ ఎండకు సరిపోతాయి. ఒక రూపం కోసం తరాల తరబడి దగ్గర చుట్టరికంలోనే ఈతలు వేయించలేదు కాబట్టి వంశపారంపర్య జబ్బులు తక్కువ. వీటికి ఏ రోగమూ రాదన్న ప్రచారం మాత్రం తప్పు. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ జాతి చూసి రాదు. టీకాలు, గోమార్ల మందు వీటికీ తప్పవు.

కర్ణాటకకు సొంత వేటకుక్క ఉంది: బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరు మీద వచ్చిన ముధోల్ హౌండ్. 2005లో తపాలా శాఖ నాలుగు భారతీయ జాతుల మీద స్టాంపులు వేసినప్పుడు రాజపాళయంతో పాటు ఇదీ ఉంది. సైన్యం కూడా వీటికి శిక్షణ ఇచ్చింది. ఆ పేరు విని గర్వంగా ఫ్లాట్‌లోకి తెచ్చుకునేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇది చూపుతో వేటాడే కుక్క. పిల్లి కదిలినా, స్కూటర్ కదిలినా వెంటపడుతుంది, అప్పుడు పిలిచినా వినదు. రోజూ ఒకసారి విడిగా పరుగెత్తే చోటుంటే మిగతా వేళల్లో హాయిగా పడుకుంటుంది. బెంగళూరులో కంచె వేసిన ఖాళీ జాగా ఎంతమందికి అందుబాటులో ఉంది?

తెలుగువాళ్లకు సొంతమైన జోనంగి గురించి తెలుగు ఇళ్లలోనే తెలిసినవారు తక్కువ. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల్లో బాతుల మందలు కాసిన కుక్క ఇది. నుదుటి మీద ముడతలు, పొట్టి బొచ్చు, మొరగడానికి బదులు సాగదీసిన ఒక వింత కూత. నేలను తవ్వి గుంటలో పడుకునే అలవాటుంది. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని పోయింది, పని పోయాక సంఖ్య తగ్గింది. పని కోసం పుట్టిన జాతికి ఆ పని లేకపోతే ఏమవుతుందో చూడటానికి ఇంత దగ్గరి ఉదాహరణ ఇంకోటి దొరకదు. ఫ్లాట్‌లో తవ్వడానికి నేల దొరకదు కాబట్టి అది తవ్వేది పరుపునే.

మొదటి ఎనిమిది వారాలు

కుక్క అమ్మకాల మీద 2017లో కేంద్రం రూల్స్ తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఏడాదిన్నర నిండని ఆడకుక్కకు ఈత వేయించకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, మొత్తం మీద ఐదుకు మించకూడదు. ఇవి కాగితం మీద ఉన్నాయి. ఆన్‌లైన్ ప్రకటనల్లో మాత్రం ‘35 రోజుల పిల్లలు రెడీ’ అన్న మాట ఇప్పటికీ మామూలే.

ముప్పై అయిదు రోజులకే ఎందుకు అమ్ముతారు? అప్పటికి పాలు మానడం మొదలవుతుంది, బొమ్మలా ఉంటుంది, కొనేవాళ్లు చూడగానే పడిపోతారు. ఇంకో మూడు వారాలు ఉంచుకుంటే తిండి, టీకా ఖర్చు బ్రీడర్ మీదే పడుతుంది. కానీ కుక్కపిల్ల మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు లోకాన్ని నేర్చుకుంటుంది. ఆ వయసులో చూసినవి, విన్నవి జీవితాంతం మామూలు సంగతులుగా ఉంటాయి, చూడనివి భయపెడతాయి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పో తల్లి, తోబుట్టువుల దగ్గరే తెలుసుకుంటుంది. ముందే విడదీసిన పిల్ల ఆ పాఠం ఇంట్లో పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

జబ్బుల సంగతి ఇంకా కఠినం. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఆరో వారం నుంచి పదహారో వారం మధ్య ఎప్పుడో తగ్గుతుంది. ఏ పిల్లకు ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం. ఆ రక్షణ ఇంకా ఉండగా వేసిన టీకా సరిగా పట్టదు, అది పోయాక టీకా లేకపోతే ఆ సందులో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ దూరుతుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా డోసులు వేస్తారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు.

పార్వో సోకిన తర్వాత లక్షణాలు కనిపించడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే అమ్మిన రోజు గెంతులు వేసిన పిల్ల కొత్త ఇంట్లో నాలుగో రోజుకు వాంతులు, రక్త విరేచనాలతో పడిపోతుంది. ‘మా దగ్గర బాగానే ఉంది’ అని బ్రీడర్ అంటాడు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ అది ఏమీ రుజువు చేయదు. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. పార్వోతో ఒక పిల్ల పోయిన ఇంట్లోకి, దుఃఖం తీరడానికని వెంటనే టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తేవడం చాలా పెద్ద పొరపాటు.

కొనదలచుకుంటే చూడాల్సింది తల్లిని. తల్లి ఎక్కడుందో చూపకుండా ‘మీ ఇంటికే తెచ్చిస్తాం’, ‘సిల్క్ బోర్డు దగ్గరికి రండి’ అనే అమ్మకందారు దగ్గర పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా ఆగిపోవడం మేలు. చెన్నైలో ఆఫీసున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్‌కు విలువ ఉంది, కానీ అది వంశవృక్షం. దాన్ని ఆరోగ్య ధ్రువపత్రంగా చూపించి ధర పెంచడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు.

తిండి లెక్క

బరువు రెట్టింపైతే తిండి రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. ఆపరేషన్ అయిన ముప్పై కిలోల లాబ్‌కు రోజుకు సుమారు 1,400 కేలరీలు కావాలి. ప్యాకెట్ తిండి అయితే నాలుగు వందల గ్రాములు, నెలకు పన్నెండు కిలోలు. పదిహేను కిలోల ఇండీకి నెలకు ఏడు కిలోలు చాలు. మందుల మోతాదు కూడా బరువును బట్టే కాబట్టి పెద్ద కుక్కకు ప్రతి బిల్లూ పెద్దదే. ఇంటి తిండి పెట్టేవాళ్లు పెరుగన్నం, ఉడికించిన కోడిమాంసం పెట్టవచ్చు. సాంబారు కలిపిన అన్నం వద్దు: ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం, అందుకే పాయసం గిన్నె నాకనివ్వకూడదు.

అసోసియేషన్, ఓనర్, కార్పొరేషన్

2018లో నగర కార్పొరేషన్ బీబీఎంపీ ఫ్లాట్‌కు ఒక కుక్క, విడి ఇంటికి మూడు అని రూల్స్ తెచ్చి, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది. ఇప్పుడు బీబీఎంపీయే లేదు. 2025 సెప్టెంబరులో నగరం ఐదు కార్పొరేషన్లయింది. ఈ మార్పుల మధ్య వాచ్‌మన్ నుంచి సెక్రటరీ దాకా ఒక్కొక్కరు ఒక్కో రూల్ చెబుతుంటారు.

భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ అసోసియేషనూ పెంపుడు కుక్కలను నిషేధించడానికి వీల్లేదు. మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదు. జాతి, సైజు పేరుతో వివక్ష కుదరదు. లిఫ్టు వాడొద్దని గానీ, విడిగా డబ్బు కట్టమని గానీ అనకూడదు. యజమాని వైపు నుంచి గొలుసుతో తిప్పడం, మలం ఎత్తేయడం, టీకాలు వేయించడం ఆశిస్తారు. ఓనర్‌తో రాసుకున్న అద్దె అగ్రిమెంట్ మాత్రం వేరే సంగతి. అందులో ‘పెంపుడు జంతువులు వద్దు’ అని ఉండి, అడ్వాన్సు ఓనర్ చేతిలో ఉంటే, బోర్డు మార్గదర్శకాలు చూపించి గెలవడం కష్టం. పదకొండు నెలల అగ్రిమెంట్ల ఊళ్లో పన్నెండేళ్లు బతికే ప్రాణిని తెచ్చుకునేవారు ఇల్లు వెతికే ప్రతిసారీ ఆ మాట ముందే రాయించుకోవాలి.

వీధి కుక్కపిల్లను తెచ్చుకోవడంలో చట్టపరంగా అడ్డేమీ లేదు. దత్తత కోరేవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని 2025 ఆగస్టు 22 ఆదేశంలో సుప్రీంకోర్టే చెప్పింది. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేననీ చెప్పింది. బీబీఎంపీ 2023 సర్వేలో నగరంలో 2.79 లక్షల వీధికుక్కలున్నట్టు తేలింది, 2019లో 3.10 లక్షలు. ఆపరేషన్ల వల్ల తగ్గుతున్న ఆ సంఖ్యకు, ఇళ్లలోంచి వదిలేసిన కుక్కలు మళ్లీ కలుస్తుంటాయి. ఇంటి కుక్కకు వీధిలో తనదంటూ చోటు ఉండదు. అక్కడి కుక్కలు తరుముతాయి, రోడ్డు దాటడం తెలియదు. జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి పడే జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకు.

బెంగళూరులో 1991 నుంచి పనిచేస్తున్న క్యూపా, ఆ తర్వాత వచ్చిన చార్లీస్ యానిమల్ రెస్క్యూ సెంటర్ లాంటి జంతు సంక్షేమ సంస్థల దగ్గర వీధి నుంచి వచ్చినవే కాదు, ఇళ్లవాళ్లు వదిలేసిన లాబ్‌లు, హస్కీలు కూడా కనిపిస్తుంటాయి. దత్తత ఇచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు చాలామందికి విసుగు. ఓనర్ ఒప్పుకున్నాడా, బాల్కనీకి జాలీ ఉందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడుగుతారు, కొందరు ఇంటికొచ్చి చూస్తారు. బ్రీడర్ అడిగేది సాధారణంగా ఒక్కటే: యూపీఐనా, క్యాషా? దత్తత ఫారం ముందు పెట్టుకుని కూర్చుంటే, ‘కుక్క రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది?’ అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగుతుంది. అక్కడ నిజంగా పది అని రాయాల్సి వచ్చేవాళ్లకు, పెద్ద వయసు కుక్కను కొన్ని వారాలు తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకుని చూసే ఫాస్టర్ పద్ధతి కూడా ఉంది.